ఈ వారం సమస్య: "నలుబదైదింట మగవాడు నవవరుండు"

నిర్వాహకుడు:
మొన్న తిలక్ రోడ్డులో కళ్ళద్దాలు పెట్టించుకోడానికి పోయాను. పేపరు దూరంగా పట్టుకుని చదవడం ఏడాదిగా నడుస్తోంది, ఇక చెయ్యి చాలలేదు. షాపు కుర్రాడు అద్దాలు ముక్కు మీద సర్ది, చెవి వెనక కాడ కొంచెం వంచి, చిన్న అద్దం చేతికిచ్చి "కొత్త పెళ్ళికొడుకు మాదిరి ఉండారు సార్" అన్నాడు. ఇంటికి చేరేలోపు సమస్యకు పాదం కుదిరింది. ఎప్పటిలాగే ఇది పద్యంలో చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

చత్వారం అనే మాటలోనే నలభై ఉంది, చత్వారింశత్. నలభై దాటాక కంటి లోపలి లెన్సు బిగుసుకుపోయి దగ్గరి అక్షరానికి సర్దుకోలేదు. మనవాళ్ళు ఆ ఇబ్బందికి వయసు పేరే పెట్టేశారు. ఆ వయసును ముచ్చటగా చూసే పద్యాలు తక్కువ. అందుకే ఈ సమస్య.

నలుబదైదింట మగవాడు నవవరుండు

ఆ వయసు మగవాడికి తగిన వస్తువో సుఖమో పూరణలో ఒకటి కనబడాలి. ఎప్పటిలాగే ఎవరి ఊరి పేరుతో వాళ్ళు రాయండి. గడువు ఆదివారం రాత్రి.

చంద్రగిరి:
పాదం నడక బాగుంది. కానీ "ఐదింట" అంటే ఐదు వస్తువులలో అని. "పదింట ఒకటి" అంటాం కదా, అలా. వయసు చెప్పాలంటే "ఏట" అనో "ఏండ్ల" అనో ఉండాలి. "నలుబదైదేండ్ల మగవాడు నవవరుండు" అన్నా గణం చెడదు, యతి చెడదు. మార్చమని మనవి.

నిర్వాహకుడు:
మార్చను మాస్టారూ. మీరన్న అర్థం కూడా అందులో ఉండనీ. ఎవరికైనా పనికి రావచ్చు.

బైరాగిపట్టెడ:
నాది మొదటి పూరణ.

కంటి కద్దాలు, మెత్తని కాళ్ళ జోళ్ళు,
మామ గారిచ్చు వాచీకి మారుగాను
బిడ్డ కొనితెచ్చె బీపీకి పెట్టె యొకటి;
నలుబదైదింట మగవాడు నవవరుండు!

ఇది నిజంగా జరిగింది. మా అమ్మాయికి మొదటి జీతం వచ్చింది. నాకు చొక్కా తెస్తుందేమో అనుకున్నా. బీపీ మిషను తెచ్చింది. ఆదివారం పొద్దున నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించమని, అయిదు నిమిషాలు మాట్లాడొద్దని చెప్పి, జబ్బకు పట్టీ చుట్టింది. పట్టీ బిగుసుకునేటప్పుడు నా మొహంలోకే చూస్తా ఉంది. పెళ్ళిలో మామగారు చేతికి వాచీ కట్టినప్పుడు కూడా ఇట్లాగే కదలకుండా కూర్చున్నాను. ఆ రెండూ ఒకటే అనిపించి పద్యం రాశాను.

దామలచెరువు:
అన్నా, "మామ గారిచ్చు వాచీకి మారుగాను" దగ్గర ఆగిపోయాను. నాలుగు పాదాల బరువూ ఆ "మారుగాను" మోస్తోంది. పెళ్ళికొడుకుకి సామాను మామ ఇస్తాడు, నలభై అయిదేళ్ళ వాడికి బిడ్డ ఇస్తుంది. ఇచ్చే చెయ్యి మారిందని చెప్పకుండా చెప్పారు.

చంద్రగిరి:
నిర్దోషంగా ఉంది. కం–కా, మా–మా, బి–పె, యతులన్నీ కుదిరాయి. అయితే "బీపీకి పెట్టె" అంటే బీపీని దాచుకునే పెట్టె అని కూడా వస్తుంది. ఇంకో మాట దొరుకుతుందేమో చూడండి.

బైరాగిపట్టెడ:
మా ఇంట్లో అందరం "బీపీ పెట్టె" అనే అంటాం మాస్టారూ. ఉండనివ్వండి.

పుత్తూరు:
నేను పద్యాలకు కొత్త. తప్పుంటే చెప్పండి.

వాలు కుర్చీ, కాఫీల వాసనయును,
పాత రేడియో వినిపించు పాట, నీవు:
పెండ్లి నాడైన దొరకని ప్రేమ దొరికె
నలుబదైదింట మగవాడు నవవరుండు!

చంద్రగిరి:
మొదటి పాదం రెండో గణంలో ఒక లఘువు జారింది. "కుర్చీ" దగ్గర రెండు గురువులే ఉన్నాయి, తరవాత రావలసిన లఘువు లేదు. కుర్చీకి ఒక కాలు తక్కువైనట్టే. "వాలు కుర్చీయు" అంటే నిలబడుతుంది. పద్యాన్ని పైకి చదివి చూసుకుంటే చెవే పట్టిస్తుంది. రాసింది కంటితో చూసుకుంటే చాలదు.

మూడో పాదంలో "దొరకని ప్రేమ" అన్నచోట "ని" గురువు కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. అక్కడ సమాసం లేదు, "ని" తేలిపోతుంది.

పుత్తూరు:
ధన్యవాదాలు మాస్టారూ, "కుర్చీయు" అని దిద్దుకున్నాను. రెండు రోజులు మోగుతూనే ఉంది చెవిలో, ఎక్కడో తెలియలేదు.

దామలచెరువు:
ఆ లఘువు సంగతి అయిపోయింది. రెండో పాదం చివర "నీవు" ఒక్కటి చూడండబ్బా. కుర్చీ, కాఫీ, రేడియో అని సామాను లెక్క చెప్పుకుంటూ వచ్చి, అదే వరసలో, అదే గొంతుతో "నీవు" అన్నాడు. భార్యను వస్తువుల్లో చేర్చినట్టు కాదు అది. పొద్దున్నే ఆ కుర్చీ పక్కన ఆమె లేకపోతే ఆ కాఫీకి వాసన లేదు, ఆ రేడియోకి పాట లేదు. మా నాయన కడప కేంద్రం పెట్టుకుని వరండాలో కూర్చుంటే అమ్మ బియ్యం చెరుగుతూ వింటా ఉండేది. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఈ పద్యం చదివాక ఆ వరండా గుర్తుకొచ్చింది.

కొత్తవాడు ఇంత రాస్తే, పాతవాళ్ళం లఘువులు ఏరుకుంటున్నాం.

చంద్రగిరి:
లఘువు ఏరేవాడు ఒకడు ఉండాలి. లేకపోతే ఇది పద్యం కాదు, కబురు. "నీవు" బాగుందని నేనూ అంటాను, కానీ దాని ముందు పాదం కుంటుతూ ఉంటే అక్కడికి చేరేలోపే చెవి వెనక్కి పోతుంది.

దామలచెరువు:
సరే, నా పూరణ చూసి లఘువు ఏరండి.

బ్యాండు మోగెను మా వీధి పందిరందు,
వయసు చూడగ నిరువది, వాని తలుపు
పైన రాసిన యంకెను బట్టి యంటి:
"నలుబదైదింట మగవాడు నవవరుండు!"

బైరాగిపట్టెడ:
అబ్బా! నలభై అయిదు నంబరు ఇల్లు! వయసు అనుకుని అందరం ఒకే దోవలో పోతుంటే నువ్వు తలుపు మీది అంకె చూపించావు. "ఇంట" అనే మాటను అలా విడగొట్టడం నాకు తట్టలేదు.

చంద్రగిరి:
విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. రెండు అభ్యంతరాలు. ఒకటి, మగవాడికి పెళ్ళి వయసు చట్టం ప్రకారం ఇరవై ఒకటి. ఇరవై ఏళ్ళవాడికి పందిరి వేస్తే అది మనం పొగడాల్సిన పెళ్ళి కాదు. రెండు, నిర్వాహకుడు అడిగిన వస్తువు ఎక్కడ? సుఖం ఎక్కడ? తలుపు మీద అంకె ఆ వయసు మగవాడి ఆస్తి కాదు కదా.

దామలచెరువు:
మొదటిది నిజమే. "వయసు చూడగ ముప్పది" అని మార్చాను, గణం చెడలేదు. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. విరుపు దొరికిన సంతోషంలో విషయం వదిలేశాను.

కానీ మాస్టారూ, చట్టం దాకా పోయారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. కిందటి సమస్య "నీలమును దిన్న పాపడు నిదురపోయె"కి మీరు రాసిన పూరణలో నీలం మామిడి పండు ఉగాది పందిట్లో ఎక్కడిది? ఉగాదికి మా తోపులో చెట్టున ఉండేది పిందె, పచ్చడిలోకి కాయ. ముందు బేనీషా వస్తుంది, తర్వాత తోతాపురి. నీలం అన్నిటికంటే వెనక. ఆరోజు అందరూ "నీలం అంటే రత్నం కాదు, పండు" అన్న విరుపుకు చప్పట్లు కొట్టారు. నేను మాట్లాడలేదు. తోపు వాడిగా అది నాకు ఇప్పటిదాకా గుచ్చుకుంటా ఉంది.

చంద్రగిరి:
అది తప్పే. "ఉగాది" అక్కడ యతి కోసం వేశాను. మీరు అప్పుడే చెప్పి ఉంటే అప్పుడే దిద్దేవాణ్ణి. ఈ రాత్రే ఆ పద్యం మారుస్తాను.

ఇది ఈసారి పూరణ.

మెట్టు మెట్టుకు మోకాళ్ళు మెలిక పడిన
కొండ యెక్కితి నాలిని గూడి నేడు;
గుండుపై గంధ మలదెను కూర్మి తోడ:
నలుబదైదింట మగవాడు నవవరుండు!

పుత్తూరు:
మాస్టారూ, చంద్రగిరి నుంచి మీకు శ్రీవారి మెట్టు దగ్గర కదా, అక్కడ 2388 మెట్లే. అలిపిరి అయితే 3550. మోకాళ్ళు మెలిక పడ్డాయంటే అలిపిరి దారేనా?

చంద్రగిరి:
అలిపిరే. మా ఇంటావిడ మొక్కు. మోకాళ్ళ పర్వతం దగ్గర నేను కూర్చుండిపోయాను. ఆమె పై మెట్టు మీద నిలబడి, చెయ్యి చాచి, ఏమీ అనకుండా ఎదురుచూసింది.

దామలచెరువు:
మాస్టారూ, చేతిలో ఉన్న వజ్రాన్ని వదిలేశారు. గుండు చేయించుకున్నది ఎక్కడ? కల్యాణకట్టలో! నవవరుడి పద్యంలో కల్యాణం అనే మాట కొండ మీద తనంతట తాను ఎదురొస్తే, దాన్ని దాటి గంధం దగ్గరికి పోయారు. మూడో పాదం ఇలా ఉంటే?

గుండు కల్యాణకట్టలో కుదిరె నాకు

"కుదిరె" అంటే పెళ్ళి కుదిరినట్టు కూడా. గుం–కు యతి సరిపోయింది. దీంతో పద్యం ఎక్కడికో పోతుంది.

బైరాగిపట్టెడ:
నిజమే, చాలా బాగుంది. మాస్టారూ, తీసుకోండి.

చంద్రగిరి:
పాదం నా పాదం కంటే బాగుంది. మెరుపు ఉంది, శ్లేష ఉంది, ఊరి మాట ఉంది. అయినా తీసుకోను.

గుండు తరవాత తలంతా మంట. ఎండ. ఆమె చిన్న గిన్నెలో గంధం కలుపుకుని వచ్చి, నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, ముందు చెవుల వెనక, తరవాత నడినెత్తిన, అరచేత్తో మెల్లగా రాసింది. మా పెళ్ళిలో నలుగు పెట్టినప్పుడు చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళు నవ్వుతూ ఉంటే ఆమె చెయ్యి నన్ను తాకనే లేదు. ఈ పద్యం ఆ చేతి కోసం రాశాను. "కల్యాణకట్ట" పెడితే చదివేవాళ్ళు ఆ మాటను చూస్తారు, చేతిని చూడరు. మీ పాదంతో మీరు ఇంకో పూరణ రాయండి, అది మీదే.

దామలచెరువు:
రాయను మాస్టారూ. కొండ ఎక్కింది మీరు.

నిర్వాహకుడు:
ఇద్దరికీ నమస్కారం. నా మటుకు నాకు గంధమే నచ్చింది. శ్లేష కావలసినప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. చల్లటి చెయ్యి నెత్తిన పడిన క్షణాన్ని పాదంలో నిలబెట్టడం కష్టం.

గడువు ఇంకో మూడు గంటలు.

గ్రీమ్స్‌పేట:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మొదట్లో చంద్రగిరి మాస్టారు చెప్పిన మాట మనసులో ఉండిపోయింది: "ఐదింట" అంటే ఐదు వస్తువులలో. ఆ అర్థంతోనే పూరించాను. ఇది మగవాళ్ళ సమస్య అన్నారు గానీ, ఆ వయసు మగవాణ్ణి రోజూ చూసేది మేమే.

పెండ్లి నాటివి బిందెలు, బీరువాలు
సొట్టపడి మాసి పోయెను చుట్టు నన్ని;
మాసి పోనిది మావారి మనసె, కనుక
నలుబదైదింట మగవాడు నవవరుండు!

చంద్రగిరి:
అమ్మా, నా ఆక్షేపణ వెనక్కి తీసుకుంటున్నాను. పాదం ఇలాగే ఉండాలి, "ఏండ్ల" వద్దు. నేను తప్పని చూపించిన చోటే మీరు తలుపు తెరిచారు. సొ–చు యతి కూడా శాస్త్ర సమ్మతమే, ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్తాను.

బైరాగిపట్టెడ:
"మాసి పోయెను", వెంటనే "మాసి పోనిది". ఆ రెంటి మధ్యే పద్యమంతా ఉంది. అక్కా, మా ఇంటావిడకు చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

దామలచెరువు:
ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. పెళ్ళి సామాను సరిగ్గా నలభై అయిదు ఉంటుందా? అంకె పాదం కోసం వచ్చిందా, లెక్క కోసం వచ్చిందా?

గ్రీమ్స్‌పేట:
నాకూ ఆ అనుమానం వచ్చింది అన్నా. పద్యం ఇక్కడ పెట్టే ముందే మధ్యాహ్నం అటకెక్కి అన్నీ దించాను. రాగి బిందెలు రెండు, ఇత్తడివి నాలుగు, మా అమ్మ పేరు చెక్కిన చెంబు, గంగాళం, కాఫీ ఫిల్టరు, గ్లాసులు, గిన్నెలు, ఇప్పుడు బియ్యం పోసుకునే డబ్బా, గదిలోని రెండు బీరువాలతో సహా లెక్కపెట్టాను. నలభై నాలుగు వచ్చాయి. ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నారు.