అండమాన్ బంకర్లు బాగుచెయ్యాలా, సముద్రానికి వదిలెయ్యాలా?

ఉప్పుగాలి: వైజాగ్ నుంచి షిప్పులో పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళొచ్చాను. పక్కనే రాస్ దీవిలో (2018లో నేతాజీ పేరు పెట్టారు) జపాన్ వాళ్ళ బంకర్లున్నాయి. 1942 మార్చి 23న దిగి 1945 దాకా ఉన్నారు కదా, అప్పటివి. ఉప్పుగాలికి పెచ్చులూడిపోతున్నాయి. బాగుచేయించాలని నా మాట.

పాత_పోస్టాఫీసు: అవి బంకర్లు కావండీ, పిల్‌బాక్సులు. నేలమీద ఉండి తుపాకీ పెట్టడానికి కంత ఉంటే పిల్‌బాక్స్ అంటారు. మన వైజాగ్ బీచ్‌లో ఇసకలో కూరుకుపోయి కెరటాలకి అప్పుడప్పుడు బయటపడేదీ అదే, కాకపోతే దాన్ని కట్టింది ఇంగ్లీషువాళ్ళు. ముందు పేరు సరిగ్గా రాయండి.

జాలరిపేట_కుర్రాడు: పేరేదైతే ఏటి, లోపల కంపు ఒకటే.

బజ్జీలబండి: హెరిటేజ్ అంటేనే నాకు టెన్షన్. మన బీచ్ దిమ్మ పక్కన పదకొండేళ్ళు బండి పెట్టాను. దిమ్మ కనపడట్లేదని ఒకరోజొచ్చి తీయించేశారు. ఇప్పుడు బండీ లేదు, దిమ్మని చూసేవాడూ లేడు.

ఉప్పుగాలి: మీ బాధ వేరండీ. 1943 డిసెంబర్ 30న నేతాజీ జెండా ఎగరేసింది ఆ పక్కనే, పోర్ట్‌బ్లెయిర్‌లో. తెల్లోళ్ళని తరిమిన గుర్తుల్ని పాడుబెట్టుకుంటామా?

మూడో_తరం: ఎవరు ఎవర్ని తరిమారు? ఆ జెండా ఎగిరి సరిగ్గా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, పోర్ట్‌బ్లెయిర్ దగ్గర హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులని కాల్చేశారు జపాన్ వాళ్ళు. మా తాతని రన్‌వే పనికి ఈడ్చుకెళ్ళారు. ఇక్కడికొచ్చేశాక కూడా, వీధిలో ఎవరైనా ఈలేస్తే తింటున్న కంచం వదిలి లేచి నిలబడిపోయేవాడు.

పాత_పోస్టాఫీసు: హంఫ్రీగంజ్ రాస్ దీవిలో లేదు కదా.

మూడో_తరం: మ్యాప్ పక్కనపెట్టండి మాస్టారూ! కూల్చమని నేనెక్కడన్నాను? బాగుచేసి దాని మీద బోర్డేం పెడతారనేదే నా గొడవ. 'రక్షణ కట్టడం' అని రాస్తారు, జనం సెల్ఫీలు దిగుతారు. ఎవరి రక్షణండీ అది?

ఉప్పుగాలి: 1942 ఏప్రిల్ 6న మన హార్బర్ మీద బాంబులేసిందీ వాళ్ళే. మా మామ్మ వాళ్ళు బండి కట్టుకుని ఊరొదిలిపోయారు. 'తరిమిన గుర్తు' అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. బాగుచెయ్యాలన్నది మాత్రం తీసుకోను. గోడే పోతే మీ తాత సంగతి ఎక్కడ రాస్తారు?

మూడో_తరం: దాని గోడ మీద మా తాత పేరు నాకొద్దు.

పాత_పోస్టాఫీసు: ఏం రాసినా పిల్‌బాక్స్ అనే రాయాలి.

బజ్జీలబండి: ఆ బోర్డు పక్కన బండి పెట్టుకోనిస్తారా?