సమస్య: “ఒకటి కలుప మొత్త మొదవె సున్న”

పృచ్ఛకుడు (మారతహళ్లి): ఆటవెలది చివరి పాదం ఇది. మొన్న రాత్రి రెండింటికి మా ఆఫీసులో ఒక కౌంటరు 4294967295 దాకా ఎక్కి, ఇంకొక్కటి కలవగానే సున్నాకి పడిపోయింది. కంప్యూటరు వాడే 0, 1 లెక్కలో ఆ సంఖ్య అంటే ముప్పై రెండు ఒకట్లు, ఆ కౌంటరుకి ఉన్నవీ ముప్పై రెండు గడులే. తెల్లారేదాకా టెన్షన్. ఇంటికొచ్చే దారిలో తట్టింది. పూరించండి.

వైట్‌ఫీల్డ్ తమ్ముడు:
ముప్పదియును రెండు ముచ్చటౌ గడులందు
నొకటులన్ని నిండి యుండు వేళ
చేతిలోని యొకటి చేరక వెలి నిల్వ
నొకటి కలుప మొత్త మొదవె సున్న

హెబ్బాళ అన్నయ్య: నేను లెక్కల జోలికి పోలేదు.
అప్పు రూక యొకటి యంగడి చీటిలో
మిగిలియుండె, నేడు స్నేహితుండు
తెచ్చి యిచ్చె నొకటి, తీరెను బాకియు
నొకటి కలుప మొత్త మొదవె సున్న

జయనగర్ అక్క: అన్నయ్యా, రెండో పాదంలో యతి తప్పింది, ‘మి’కి ‘స్నే’ కుదరదు. “నేడు మిత్రుడొకడు” అంటే సరిపోతుంది. భావం బాగుంది కానీ, మొదట్లో అప్పు ఎంతున్నా ఇదే పద్యం చెప్పొచ్చు కదా, ఆ పెద్ద సంఖ్య ఇందులో ఎక్కడా లేదు. తమ్ముడూ, “చేతిలోని యొకటి” చదివి చిన్నప్పటి పలక గుర్తొచ్చింది! “ముచ్చటౌ” మాత్రం గణం నింపడానికే పడింది. “మూసిన గడులందు” అను. ముప్పై మూడో గడి లేదు కాబట్టే కదా ఆ ఒకటి బయట నిలబడింది.

తమ్ముడు: మార్చేశానక్కా. యతి కూడా చెడలేదు.

పృచ్ఛకుడు: ఈ సంఖ్య మీద నాకు మనసు పడిపోయింది, కాస్త చెప్పనివ్వండి. ముప్పై రెండు ఒకట్ల వరసని సగానికి విరిస్తే ఒక్కో సగం పదహారు ఒకట్లు, అంటే 65535, మొత్తం 65535 × 65537. ఆ 65535ని మళ్లీ విరిస్తే 255 × 257, 255ని విరిస్తే 15 × 17, ఆఖరికి 3 × 5. అంటే 3, 5, 17, 257, 65537, ఈ ఐదూ గుణిస్తే 4294967295. ఐదూ ప్రధాన సంఖ్యలే, గణితవేత్త ఫెర్మా పేరిట ఫెర్మా ప్రధానాలంటారు, ఆరోది ఇంతవరకు దొరకలేదు. 1796లో గణితవేత్త గాస్ పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయొచ్చని చూపించాడు. ఈ ప్రధానాల్ని ఒక్కోదాన్ని ఒక్కసారే తీసుకుని గుణిస్తే వచ్చే భుజాలున్నవీ అలాగే గీయొచ్చు. ఆ దారిలో గీయగలిగే, భుజాల సంఖ్య బేసి అయిన బహుభుజుల్లో ఇప్పటికి తెలిసిన అతి పెద్దదానికి భుజాలెన్నో తెలుసా? సరిగ్గా 4294967295!

అక్క: చదరంగంలో మొదటి గడికి ఒకటి పెట్టి గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం, 18446744073709551615, ఇరవై అంకెలనీ పావులూరి మల్లన ఒక్క పద్యంలో పట్టించారు. అదీ ఇదే ఇంటిది, అరవై నాలుగు ఒకట్లు. మీ పద్ధతిలోనే విరవండి.

పృచ్ఛకుడు: విరిచానక్కా. 4294967295 × 4294967297. ఈ రెండోది 3, 5, 17, 257, 65537 వరసలో తర్వాతిది, దీన్నీ ఫెర్మా ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 1732లో గణితవేత్త ఆయిలర్ 641తో భాగించి చూపించాడు, 641 × 6700417. వచ్చే ఆదివారానికి సమస్య ఇదే, మళ్లీ ఆటవెలది చివరి పాదం:
“చీలదనిన సంఖ్య చీలిపోయె”