అక్వాపోరిన్‌ని ‘మదుము’ అనొచ్చా?

బొబ్బిలి నుంచి అడుగుతున్నాను. మా బడి గోడపత్రికకి మెదడులో నీటి గురించి ఒక పేజీ రాస్తున్నాం. కణం పొరలో నీటికి దారిచ్చే ప్రోటీన్ అక్వాపోరిన్. దాన్ని ‘జలమార్గ మాంసకృత్తు’ అంటే పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. ‘నీటి కాలువ’ అంటే వంశధార ఎడమ కాలువే గుర్తొస్తోంది. మన వైపు చెరువు గట్టుకి మదుము (తూము) ఉంటుంది కదా, ఆ మాట వాడొచ్చా?

— భేషుగ్గా వాడండి మాస్టారూ. కాలువ ఊళ్లు దాటి పోతుంది. ఇది గట్టు ఇవతలి నీటిని అవతలికి వదులుతుంది, అంతే. ఈ ప్రోటీన్‌లోంచి నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి వరసగా దూరిపోతాయి, ప్రోటాన్లకి మాత్రం దారి లేదు. దీని పనేంటో 1992లో తేల్చిన పీటర్ ఆగ్రెకి 2003 రసాయన నోబెల్‌లో వాటా దక్కింది. మెదడులో ఎక్కువగా ఉండేది అక్వాపోరిన్-4. రక్తనాళాలని ఆనుకుని ఉండే ఆస్ట్రోసైట్ల (నాడీకణాలకి తోడుండే కణాలు) పాదాల్లో కిక్కిరిసి ఉంటుంది.

— నేనొప్పుకోను. మదుముకి తలుపుంటుంది, రైతు ఎత్తితేనే నీళ్లు. అదీ చెరువులోంచి పొలంలోకే. దీనికి అలా ఎత్తి దించే తలుపు లేదు, ఒకవైపే పోవాలన్న నియమమూ లేదు. లవణాల గాఢత ఎటు ఎక్కువైతే నీరు అటు. పక్షవాతంలో రక్తం అందని కణంలో సోడియం పేరుకుంటే, నీరు ఈ దారినే చొరబడి కణం ఉబ్బుతుంది. ఈ ప్రోటీన్ లేని ఎలుకల్లో ఆ వాపు తక్కువని 2000లో చూశారు. తమాషా ఏంటంటే, 2004లో ఇంకో రకం వాపు చూశారు. అందులో నీరు రక్తనాళాల నుంచి కారి కణాల మధ్య చేరుతుంది. ఈసారి ఆ ప్రోటీన్ లేని ఎలుకలకే తలలో ఒత్తిడి ఎక్కువైంది. బయటికి పోవడానికీ అదే దారి మరి!

— శ్రీకాకుళంలో నర్సుగా చేశాను. కణంలో చేరినా, కణాల మధ్య చేరినా, మెదడు గదుల్లో నిండినా జనానికి అంతా ‘తలలో నీరు చేరడమే’. మానిటాల్ ఎక్కిస్తుంటే “నీరు తీసేసే మందా అమ్మా?” అనేవారు. ఔననే చెప్పేదాన్ని. రక్తంలో గాఢత పెంచి నీటిని అటు లాగుతుంది కదా. ‘తలుపులేని మదుము’ అనండి, గొడవుండదు.

— అది బాగుంది. మొదటిసారి అలా రాసి, పక్కనే అక్వాపోరిన్ అని పెడతాను. డ్రాయింగు మాస్టారు బాణం గుర్తు లోపలికి ఒకటే వేశారు. బయటికి కూడా ఒకటి వేయించాలి.