పక్షవాతం వచ్చిన నాన్నగారి చేత వీడియో గేమ్ ఆడిస్తున్నాం, సరిగ్గానే చేస్తున్నామా?

మా నాన్నగారికి 61 ఏళ్లు. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. ఇప్పుడు భుజం కదులుతోంది, వేళ్లకే ఇంకా పట్టు రాలేదు. ఫిజియోథెరపీ అంటే విసుక్కునే మనిషి, అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన పాత నింటెండో వీలో (చేతిలో రిమోట్ ఊపుతూ టీవీలో ఆడే గేమ్ పరికరం) బౌలింగ్, అంటే బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట, పెడితే మాత్రం "ఇంకొక్కసారి" అంటున్నారు.

చిక్కేమిటంటే, బంతి వెయ్యాలంటే రిమోట్ వెనక బటన్ నొక్కిపట్టి, చెయ్యి ఊపి, వదలాలి. రిమోట్‌ని క్రేప్ బ్యాండేజ్‌తో అరచేతికి కట్టాం. బటన్ కోసం కుడి చెయ్యి సాయం పెడుతున్నారు. పైగా చెయ్యి ఎత్తకుండా నడుం మొత్తం పక్కకి వంచేస్తున్నారు, అయినా పిన్నులన్నీ పడిపోతున్నాయి! ఆట గెలుస్తున్నారు సరే, చేతికి పని తగులుతోందా? రాత్రిళ్లు భుజం నొప్పి అంటున్నారు కూడా.

2016లో 141 మందితో వచ్చిన ఒక అధ్యయనంలో, వీ ఆడినవాళ్లకీ పేకముక్కల్లాంటివి ఆడినవాళ్లకీ చెయ్యి కోలుకోవడంలో పెద్ద తేడా లేదని చదివి డీలాపడ్డాను.

చేత్తో ఏదీ పట్టుకోనక్కర్లేకుండా, కెమెరాతో ఒంటి కదలికలు చూసి ఆడించే కినెక్ట్ సెకండ్‌హ్యాండ్‌లో కొనడం మేలా? నడుం వంచకుండా మీరెలా ఆపారు? రోజుకి ఎంతసేపు ఆడించారు? ఇంట్లో చేయించినవాళ్లు, ఫిజియోలు ఎవరైనా ఉంటే చెప్పండి.