చైనా వాళ్లకి ఉత్తరం అంటే వీపా, సింహాసనమా?

అక్షరాల_పెట్టె:
వాస్తు థ్రెడ్‌లో ఒకరు "చైనా వాళ్లకీ మనలాగే ఉత్తరం చూసే ఇల్లే మంచిది" అని రాశారు. తప్పండీ. అక్కడ ఇల్లు ఉత్తరానికి వీపు పెట్టి దక్షిణం చూడాలి. ఉత్తరం అనే అక్షరం పేరు 'బెయ్'. పాత ఎముకల మీద చెక్కిన రూపం చూడండి, ఇద్దరు మనుషులు వీపుకి వీపు పెట్టి నిలబడ్డ బొమ్మ. దాని కిందే మాంసం గుర్తు చేరిస్తే 'వీపు' అవుతుంది. ఓడి పారిపోవడానికీ ఈ అక్షరమే వాడతారు, శత్రువుకి వీపు చూపించడం కదా. కాబట్టి ఉత్తరం వాళ్లకి గిట్టని దిక్కు.

పటం_మడత:
ఒక్క అక్షరం పట్టుకుని అంత దూరం వెళ్లకండి. చక్రవర్తి గద్దె ఉండేది ఉత్తరాన. ఆయన దక్షిణం చూస్తూ కూర్చుంటాడు. 'దక్షిణ ముఖం' అంటేనే రాజ్యమేలడం. కన్‌ఫ్యూషియస్ మంచి పాలకుణ్ణి ధ్రువ నక్షత్రంతో పోల్చాడు, అది తన చోట ఉంటే చుక్కలన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. 1421లో మింగ్ చక్రవర్తి యోంగ్‌ల రాజధానిని నాన్‌జింగ్ నుంచి బెయ్‌జింగ్‌కి మార్చాడు. ఆ పేరుకి అర్థమే ఉత్తర రాజధాని.

అక్షరాల_పెట్టె:
1928లో ఆ పేరు తీసేశారుగా. నాన్‌జింగ్ రాజధాని అయ్యాక దాన్ని బెయ్‌పింగ్ అన్నారు.

పటం_మడత:
1949లో మళ్లీ పెట్టారు. 21 ఏళ్ల ముచ్చట అది.

అక్షరాల_పెట్టె:
21 కూడా కాదు. 1937లో జపాన్ వాళ్లు ఊరు పట్టుకున్నాక బెయ్‌జింగ్ అనే పిలిపించారు. లెక్క సరిగ్గా చెప్పండి.

సాయంత్రం_టీ:
దిక్సూచికి చైనా వాళ్ల పేరు 'దక్షిణం చూపే సూది'. ఇది చాలదా?

మూడో_బెంచీ:
అయోమయంలో పడ్డవాణ్ణి 'ఉత్తరం దొరకనివాడు' అంటారు వాళ్లు. ఇది కూడా చూడండి మరి.

యాంగ్సీ_గట్టు:
మీకివన్నీ అక్షరాలు. నేను వుహాన్‌లో మెడిసిన్ చదివాను. జనవరిలో గది లోపలా బయటా ఒకటే చలి. ఉతికిన సాక్సులు మూడు రోజులైనా తడిగానే ఉండేవి. గ్లౌజుల వేళ్లు కత్తిరించుకుని నోట్స్ రాసుకున్నాం. చిన్‌లింగ్ కొండలకీ హువాయ్ నదికీ పైన ఉన్న ఊళ్లకి ప్రభుత్వం గదులు వేడెక్కించే వేడినీళ్ల గొట్టాలు వేయించింది, కింద ఉన్నవాళ్లకి లేదు. 1950ల నాటి నిర్ణయం అది. హాస్టల్ ఆఫీసులో అడిగితే ఒక్కటే మాట: "ఇది దక్షిణం."

పటం_మడత:
ఆ గీత ఎవరి మీదా కక్షతో గీసింది కాదు. జనవరి సగటు సున్నా డిగ్రీలు, ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన, ఈ రెండూ ఇంచుమించు అక్కడే విడిపోతాయి. పైన గోధుమ, కింద వరి. నేను ఉత్తరం కొసన ఉన్న హార్బిన్‌లో రెండేళ్లు ఉద్యోగం చేశాను. రాత్రి మైనస్ ఇరవై. గొట్టాలు లేకపోతే మనిషి బతకడు.

యాంగ్సీ_గట్టు:
గదిలో బనియన్‌తో కూర్చున్నవాళ్లు ఇలాగే మాట్లాడతారు.

పటం_మడత:
వ్యక్తిగతంగా వెళ్లకండి. నేను చలిలో పడలేదనా మీ బాధ?

యాంగ్సీ_గట్టు:
బాధ అది కాదు. రాజు దక్షిణం చూస్తే ఎదురుగా నిలబడ్డవాడు ఎటు చూస్తాడు? ఉత్తరానికి. 'ఉత్తర ముఖం' అంటే ఆ భాషలో సేవకుడవడం, లొంగడం. ఒకరు గద్దె వెనక వీపు అంటారు, ఇంకొకరు గద్దె అంటారు. ముంగిట్లో నిలబడ్డవాడి గురించి ఇద్దరిలో ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

పటం_మడత:
దక్షిణం ఎప్పుడు లొంగింది? 1127లో ఉత్తరాది తెగ జుర్చెన్లు రాజధాని కైఫెంగ్ పట్టుకుంటే అక్కడ ఏలుతున్న సుంగ్ వంశం దక్షిణానికి వచ్చి, హాంగ్‌జౌ నుంచి ఇంకో నూట యాభై ఏళ్లు ఏలింది. వరి, ఓడలు, డబ్బు అన్నీ అక్కడే. 1368లో మింగ్ వంశం నాన్‌జింగ్ నుంచి బయల్దేరి ఉత్తరాన్ని గెలిచింది.

యాంగ్సీ_గట్టు:
గెలిచి ఏం చేశారు? 53 ఏళ్లు తిరక్కుండా రాజధానిని ఉత్తరానికే మోసుకెళ్లారు. దాని కోసం దక్షిణం బియ్యం పెద్ద కాలువ మీద పడవల్లో అంత దూరం వెళ్లింది. పండించేది ఇక్కడ, తినేది అక్కడ.

పటం_మడత:
యోంగ్‌ల గద్దె ఎక్కకముందు ఉన్నదే ఆ ఊళ్లో. పైన మంగోలులు. కాపలా కాయాల్సింది అక్కడే కాబట్టి అక్కడ కూర్చున్నాడు.

యాంగ్సీ_గట్టు:
ఆ కాపలావాళ్ల కంచంలో అన్నం ఎవరిది?

అక్షరాల_పెట్టె:
'ఉత్తర ముఖం' సంగతి నేను ముందే రాయాల్సింది, అది నా లోపమే. అక్షరం విషయంలో మాత్రం నా మాట మార్చను. 1937 గురించి పటం_మడత గారు ఇంకా ఒప్పుకోలేదు.

పటం_మడత:
1937 ఒప్పుకుంటున్నాను. కాలువ బియ్యం కూడా. గొట్టాల మాటే ఒప్పుకోను, మా ఊరి చలి మీరు చూడలేదు. మీ హాస్టల్లో ఇప్పుడైనా ఏమైనా పెట్టారా?

యాంగ్సీ_గట్టు:
నేను వచ్చేశాక గదికో ఏసీ పెట్టారట, వేడిగాలి కూడా వస్తుందట. కరెంటు బిల్లు మాత్రం పిల్లలే కట్టుకోవాలని జూనియర్ చెప్పాడు.