నార్వే తీరం ఓడ: అమ్మానాన్నలతో ఏ ముక్క ఎక్కితే బాగుంటుంది?

కాకినాడ_ఓస్లో:
జూన్ నెలాఖర్లో అమ్మానాన్న వస్తున్నారు. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా వెళ్లే తీరపు ఓడ ఎక్కించాలని ఉంది. రానూపోనూ 12 రోజులంటే అంత సెలవూ లేదు, డబ్బూ లేదు. ఒక్క రోజులో తేలే ముక్క ఏదైనా ఉందా? నాన్న కాకినాడ పోర్టులో చేసి రిటైరయ్యారు, ఆయనకి కొండలకన్నా ఓడలే ఇష్టం. అమ్మకి బస్సెక్కినా కడుపులో తిప్పుతుంది, అదో టెన్షన్. అన్నట్టు, అరోరా (రాత్రి ఆకాశంలో రంగుల వెలుగు) కనిపిస్తుందా?

ఉత్తరాది_బావ:
అరోరా సంగతి మర్చిపోండి. జూన్‌లో అక్కడ సూర్యుడే అస్తమించడు.

నన్నడిగితే హార్‌స్టాడ్ నుంచి స్వోల్వేర్, అదీ దక్షిణానికి వచ్చే ఓడలో. పొద్దున ఎనిమిది ప్రాంతంలో ఎక్కితే సాయంత్రం ఆరున్నరకి దింపుతుంది. క్యాబిన్ అక్కర్లేదు, ఊరి నుంచి ఊరికి టికెట్ ఇస్తారు. ఉత్తరానికి వెళ్లే ఓడ ఇదే దారిని రాత్రి దాటుతుంది. వెలుతురు ఉంటుంది నిజమే, అమ్మగారు మేలుకుని ఉండొద్దూ?

దారి చాలావరకు దీవుల మధ్య సందుల్లోనే కాబట్టి ఊపు తక్కువ. స్వోల్వేర్ దాటి బోడో దాకా మాత్రం వెళ్లకండి, ఆ వెస్ట్‌ఫ్యోర్డ్ దగ్గర ఓడ బయటి సముద్రంలో పడుతుంది.

ఇక మీ నాన్నగారి వాటా. రిసోయ్‌హామ్న్ దగ్గర ఓడ నడిచేది తవ్వి చేసిన కాలువలో, 1922లో తెరిచారు. డ్రెడ్జింగ్ చూసిన మనిషికి అది వేరే చెప్పాలా! తర్వాత స్టోక్‌మార్క్‌నెస్‌లో గంటసేపు ఆగుతుంది. రేవు పక్కనే మ్యూజియం, 1956 నాటి ఫిన్‌మార్కెన్ ఓడని మొత్తంగా అద్దాల భవనంలో పెట్టారు. దిగి చూడండి, కాఫీ తర్వాత తాగొచ్చు. ఈ తీరపు ఓడల సర్వీసు మొదలుపెట్టిన రిచర్డ్ విత్ కంపెనీ ఈ ఊరిదే. చలికాలం చీకట్లో, లైట్‌హౌస్‌లు అంతంతమాత్రంగా ఉన్న తీరంలో ఓడ నడపడానికి మిగతా కంపెనీలు జంకాయి. విత్, ఆయన ఓడకి దారి చూపే పైలట్ ఆండర్స్ హోల్టే మాత్రం ఏ దిక్కులో ఎంతసేపు నడపాలో ముందే రాసిపెట్టుకున్నారు. 1893 జులై 2న వాళ్ల ఓడ వెస్టెరాలెన్ ట్రోండ్‌హైమ్ నుంచి హామర్‌ఫెస్ట్‌కి బయల్దేరింది.

చివర్లో రాఫ్ట్‌సుండ్ అనే ఇరుకు జలసంధి, దాని పక్క సందు ట్రోల్‌ఫ్యోర్డ్. ఆ సందు మూతి వెడల్పు దాదాపు వంద మీటర్లు, చాలా ఓడల పొడవు అంతకన్నా ఎక్కువ. ఓడ లోపలికెళ్లి ఉన్నచోటే గిర్రున తిరిగి బయటికొస్తుంది. వాతావరణం బాగుంటేనే కెప్టెన్ తీసుకెళ్తాడు, నాన్నగారికి ముందే మాటివ్వకండి.

డెక్కు_మీద_ఇడ్లీ:
దారి విషయంలో బావగారితో ఏకీభవిస్తా. ఓడ కూడా చూసి తేదీ పెట్టుకోండి. 2021 నుంచి రెండు కంపెనీలు నడుపుతున్నాయి: హుర్టిగ్రూటెన్‌వి ఏడు, హావిలావి నాలుగు. హావిలా ఓడలు కొత్తవి, ఎల్‌ఎన్‌జీతో (ద్రవరూపంలోని సహజవాయువుతో) నడుస్తాయి, పెద్ద బ్యాటరీలు కూడా ఉన్నాయి. అమ్మగారికి అవే హాయి. నాన్నగారికైతే ఆ పాత ఓడ పేరే పెట్టుకున్న ఇప్పటి వెస్టెరాలెన్, 1983 నాటిది, దొరికితే వదలకండి. పక్క తలుపు తెరిచి ఫోర్క్‌లిఫ్ట్‌తో సరుకు దింపుతుంటే ఆయన భోజనానికి కూడా రారు.

కాకినాడ_ఓస్లో:
థాంక్సండీ ఇద్దరికీ. అమ్మ శాకాహారి, తిండి మాటేమిటి?

డెక్కు_మీద_ఇడ్లీ:
టికెట్ తీసుకునేటప్పుడే రాయండి. అయినా పులిహోర కట్టుకెళ్లండి.