పియరింగ్ తగాదాల్లో బ్యాకప్ ఖర్చు మనమే పెట్టుకోవాలా?

సగంస్పీడు: రెండు నెట్‌వర్కులు పడక పియరింగ్ (ఒకరి ట్రాఫిక్ ఒకరు నేరుగా, ఉచితంగా ఇచ్చిపుచ్చుకోవడం) తెంపుకుంటే నలిగేది మనం. గొడవ తేలేదాకా ప్రొవైడరే ట్రాన్సిట్ (డబ్బు కట్టి వేరే నెట్‌వర్కు మీదుగా దారి) కొని మన ట్రాఫిక్ చేర్చాలంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

పాత_అడ్మిన్: కాదంటాను. 2005 అక్టోబరులో లెవెల్ 3 అనే పెద్ద నెట్‌వర్కు, ఇంకో పెద్ద నెట్‌వర్కు కోజెంట్‌తో పియరింగ్ తెంపేసింది. మాకు పంపేది ఎక్కువ, మా నుంచి తీసుకునేది తక్కువ అని దాని వాదన. ఒక్క ప్రొవైడర్‌నే నమ్ముకున్నవాళ్లకు అవతలి సైట్లు అందలేదు. ఇద్దరున్నవాళ్లు గట్టెక్కారు. రెండో లైన్ పెట్టుకోండి, సరిపోతుంది.

సగంస్పీడు: ఉంది మహానుభావా! మా ఆఫీసు నెట్‌వర్కులోకి పోయే వీపీఎన్ పడిపోయినా రూటర్ బ్యాకప్‌కి మారలేదు. లింక్ లైటు పచ్చగానే ఉంది, పింగ్ (అవతలి సర్వర్ పలుకుతోందా అని చూసే పరీక్ష) కూడా వస్తోంది. కస్టమర్ కేర్‌కి చేస్తే రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు.

రూట్‌మాస్టర్: పింగ్ దేనికి పెట్టారు?

సగంస్పీడు: 8.8.8.8, గూగుల్ వాళ్లది

రూట్‌మాస్టర్: అదీ సంగతి. గూగుల్‌కి దారి బాగానే ఉంది, తెగింది వేరే నెట్‌వర్కుకి. మీ వీపీఎన్ సర్వర్‌నే చెక్ చేయించండి. లేదా ఇద్దరి నుంచీ బీజీపీ ఫుల్ టేబుల్ (ఏ నెట్‌వర్కుకి ఎటు పోవాలో చెప్పే పూర్తి దారుల జాబితా) తీసుకోండి, ఒకరి దగ్గర రూట్ పోతే రెండోవాళ్ల మీదుగా పోతుంది. ఉత్త డిఫాల్ట్ రూట్ (అన్నిటికీ ఒకే దారి) అయితే గుడ్డిగా అటే తోసేస్తుంది.

నెట్_పిచ్చి: ఇంట్లో కూర్చుని పనిచేసేవాడు బీజీపీ నడపాలా? బాగుంది వరస.

సగంస్పీడు: నేనడిగింది పింగ్ గురించి కాదు. పాత_అడ్మిన్ గారూ, మీరు ఏ కంపెనీ తరఫున మాట్లాడుతున్నారు?

పాత_అడ్మిన్: ఎవరి తరఫునా కాదు. చిన్న ఐఎస్పీలో (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలో) ఏళ్లు పనిచేశాను. పెద్ద నెట్‌వర్కు రెండు నెట్‌వర్కులు కలిసేచోట కిక్కిరిసిన పోర్టు పెంచదు, డబ్బు కట్టమంటుంది. మేం ఒక్కసారి తలొగ్గి ట్రాన్సిట్ కొంటే ఇక ఉచితంగా పియరింగ్ ఇవ్వమన్నా ఇస్తారా? బెదిరిస్తే పనవుతుందని అందరికీ తెలిసిపోతుంది. అందుకే కొన్నాళ్లు ఓర్చుకోవాల్సిందే.

సగంస్పీడు: ఓర్చుకునేది ఎవరు, మీరా? మా ఫిర్యాదులు చూపించి అవతలివాళ్ల మెడలు వంచుదామని! ఇది మొదటే చెప్పొచ్చుగా.

నెట్_పిచ్చి: 2009లో హరికేన్ ఎలక్ట్రిక్ అనే నెట్‌వర్కు ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసులు) పియరింగ్ ఇమ్మని కోజెంట్‌ని కేకు మీద రాసి మరీ అడిగింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కుదరలేదు. కొన్నాళ్లట, కొన్నాళ్లు!

పాత_అడ్మిన్: మీ ఎస్‌ఎల్‌ఏ (సర్వీసు హామీ ఒప్పందం) చదవండి. చాలావాటిలో హామీ ప్రొవైడర్ సొంత నెట్‌వర్కు దాకానే.

సగంస్పీడు: అయితే ప్రకటనలో ఇంటర్నెట్ అని కాకుండా ఆ మాటే రాయించండి. కొనాలో వద్దో మేం చూసుకుంటాం.